పెద్దవల: విశాఖ తీరంలో ఒడ్డు వేట

పెద్దవల ఒడ్డున నిలబడి లాగే వల. దక్షిణ కోస్తాలో దీన్నే అలివి వల అంటారు. భీమునిపట్నం నుంచి విశాఖ మీదుగా అప్పికొండ, ముత్యాలమ్మపాలెం, పూడిమడక దాకా ఇసుక తీరమున్న ప్రతి మత్స్యకార పల్లెలోనూ ఒకప్పుడు ఈ వల ఉండేది. వాడబలిజలు, జాలారులు ఈ తీరంలో ప్రధానమైన మత్స్యకార కులాలు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం వీరిని వేర్వేరుగానే పేర్కొంది. జాలారిపేట, పెదజాలారిపేట, వాసవానిపాలెం, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట పేర్లు ఇప్పుడు నగర పటంలో కాలనీల మధ్య కలిసిపోయాయి గాని, అవన్నీ కెరటం అంచున పుట్టిన పల్లెలే.

తెప్ప మీద నలుగురు వెళ్ళి వేసే వలకూ దీనికీ పెద్ద తేడా ఉంది. తెప్ప చేప ఉన్న చోటికి వెళ్తుంది. పెద్దవల చేప ఒడ్డుకు వచ్చేదాకా ఆగుతుంది. అందుకే దీనికి అన్ని కాలాలూ పనికిరావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి ఒడ్డున కెరటాలు బలంగా విరుగుతాయి, పడవ కెరటం దాటడమే కష్టం. దసరా వెళ్ళి గాలి తిరిగాక సముద్రం కొంత తెరిపినిస్తుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాటేదాకా ఒడ్డు వేటకు మంచి అదను. అదే కాలం తుపానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా వల సర్దుకునే రోజుల్లో. బంగాళాఖాతం ఇచ్చే నెలలూ తీసుకునే నెలలూ ఒకటే కావడం ఈ వృత్తి చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

ఆశ్వయుజ, కార్తికాల్లో నీటిలో జరిగే మార్పును 1950లలో శాస్త్రీయంగా కొలిచారు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరు తీరం ముందు నీటి వేడిమి, ఉప్పదనం, ప్రవాహాల మీద పని చేశారు. వసంతంలో నైరుతి గాలులు పైనీటిని తీరం నుంచి దూరంగా నెడతాయి. దాని స్థానంలో అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. శరత్తులో ఇది తలకిందులవుతుంది. తీరం వెంట ఉత్తరానికి సాగిన ప్రవాహం అక్టోబరు నాటికి దక్షిణానికి మళ్ళుతుంది. గంగ, మహానది వంటి నదుల వరద నీరు కలిసిన, ఉప్పు తగ్గిన నీటిని అది ఒడ్డు వారగా మోసుకొస్తుంది. తీరం దగ్గర పైనీరు పోగుపడి కిందికి దిగుతుంది. ఈ లెక్కలేవీ లేకుండానే జాలారులకు ఆ మార్పు తెలుసు. నీటి రంగు మారిందనీ, ఒరవడి దక్షిణానికి తిరిగిందనీ వాళ్ళు చేతిలోని తాడు లాగుడును బట్టే చెప్పగలరు.

ఈ రోజుల్లో ఒడ్డు దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గుంపు చేపలు. నెత్తళ్ళు, కవళ్ళు, కారలు, సావళ్ళు, చలి ముదిరాక కానాగంతలు. గోస్తనీ నది కలిసే భీమిలి దగ్గర, శారదా వరాహ నదులు కలిసే చోట బొంతలు, రొయ్యలు తోడవుతాయి. బురద నీటిని ఇష్టపడే మాగ చేప కూడా ఇలాంటి చోట్లే ఒడ్డుకు చేరుతుంది. దొరలు దీనికి ఇండియన్ సాల్మన్ అని పేరు పెట్టారు, ఇప్పటికీ ఆ పేరుతో మంచి ధర పలుకుతుంది. అసలు సాల్మన్‌తో దీనికి చుట్టరికం లేదు. వంజరం, చందువ వంటి ఖరీదైన చేపలు పెద్దవలలో పడితే అది అదృష్టమే. ఈ వల నిలిచింది చిన్నచేప మీద.

కొండలు సముద్రం దాకా దిగివచ్చే తీరం కావడంతో విశాఖలో ప్రతి ఇసుక తిన్నె పక్కనా ఒక రాతి ముక్కు ఉంటుంది. నీటి కింద రాయి ఉన్నచోట పెద్దవల వేస్తే చిరుగుతుంది. అడుగు ఇసుకగా, మెల్లగా లోతయ్యే చోటు కావాలి. ఏ రేవులో ఏ మేర వల దిగుతుందో పల్లెలోని పెద్దలకు కంఠస్థం. సముద్రంలో ఉన్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండనూ, దాని వెనక కనిపించే మరో కొండనూ ఒక వరసలోకి తెచ్చుకొని తామున్న చోటు పోల్చుకుంటారు. అందుకే ఈ పల్లెల వాళ్ళకు కొండ గుర్తులంటే అంత పట్టింపు.

వలను నీటిలోకి తీసుకెళ్ళేది పడవ. పాత రోజుల్లో ఇది పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసిన పడవ. ఇంగ్లీషు రికార్డుల్లో మసూలా పడవ అని కనిపిస్తుంది. లోపల ఎముకల్లాంటి అడ్డకర్రలు ఉండవు, ఇనప మేకులు ఉండవు. కెరటం విసిరి ఇసుకకు కొట్టినా కుట్లు వంగుతాయి గాని పలక పగలదు. మేకులు కొట్టిన గట్టి పడవ అదే కెరటంలో రెండు సీజన్లు నిలవడం కష్టం. పక్కనే ఉండే తెప్ప ఇంకా తేలిక. తేలికైన మొద్దులను కొయ్యచీలలతోనో తాళ్ళతోనో కలిపి కట్టేవారు. ఒడ్డుకు చేరాక విడదీసి ఎండకు ఆరబెట్టేవారు, లేకపోతే మొద్దు నీరు పీల్చి బరువెక్కుతుంది. తెప్పల జతతో లాగే సంచి వల ఇరగవల. గాలపు వేట, నిలువు వలలు తెప్పలకు వేరే ఉండేవి. 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖలో పని చేసిన జేమ్స్ హోర్నెల్ ఈ తీరపు తెప్పల, పడవల కట్టుబడిని వివరంగా రాశాడు.

పెద్దవలకు మధ్యలో సంచి, రెండు పక్కలా రెక్కలు, రెక్కల చివర పొడవైన తాళ్ళు. రెక్కల్లో కన్ను పెద్దది, సంచి దగ్గరికి వచ్చేకొద్దీ సన్నమవుతుంది. పై అంచున తేలే కొయ్య ముక్కలు, కింది అంచున బరువులు. నైలాను రాకముందు వలను జనపనార, నూలు దారాలతో ఇంట్లోనే అల్లేవారు. చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో ముంచి ఆరబెడితే ఉప్పునీటికి కుళ్ళదు. ఆ పని కొన్నాళ్ళకోసారి చేయాల్సిందే. వల ఒక్కరి సొత్తు కావడం అరుదు. రెక్క ఒకరిది, సంచి ఒకరిది, తాడు మరొకరిది అయ్యే సందర్భాలుండేవి. ఆ ముక్కల సొంతదారులు వాటాల్లో లెక్కకు వచ్చేవారు.

వేట మొదలయ్యేది చూపుతో. తెల్లవారకముందే అనుభవమున్నవాడు ఎత్తు దిబ్బ మీద నిలబడి నీటిని చూస్తాడు. గుంపు కదిలేచోట నీటి రంగు ముదురుతుంది, పైన చిన్న అలలు వణుకుతాయి, పక్షులు వాలుతాయి. సైగ రాగానే ఒక తాడు కొసను ఒడ్డున ఉన్న జట్టుకు అప్పగించి పడవ కెరటంలోకి దూకుతుంది. వరసగా మూడు పెద్ద కెరటాలు వెళ్ళాక వచ్చే చిన్న సందులోనే దూకాలి. ఎప్పుడు తెడ్డు వేయాలో చెప్పేది తండేలు. పడవ వెళ్తూ తాడు వదులుతుంది, తరవాత ఒక రెక్క, సంచి, రెండో రెక్క, మళ్ళీ తాడు, అలా అర్ధచంద్రాకారంగా తిరిగి కొంత దూరంలో ఒడ్డు చేరుతుంది. ఇప్పుడు రెండు తాళ్ళకు రెండు జట్లు, అంతా కలిపి ముప్పై నలభై మంది.

లాగడం రెండు మూడు గంటల పని. రెండు జట్లూ ఒకే వేగంతో లాగాలి. ఒక పక్క ముందుకొస్తే వల అంచు అడుగు వదిలేస్తుంది, చేప ఆ సందులోంచి జారుకుంటుంది. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. తాడు చివర పట్టుకున్నవాడు వెనక్కి నడిచి, తాడు పోగుపెట్టి, మళ్ళీ నీటి అంచుకు పరిగెత్తి పట్టుకుంటాడు. అందరూ ఒక్కసారి లాగేందుకే ఆ హైలెస్సా కేకలు. సంచి కెరటంలోకి వచ్చేసరికి నడుము లోతు నీటిలో నలుగురైదుగురు దిగి, వల అడుగు అంచును కాళ్ళతో ఇసుకకు తొక్కి పట్టి, పై అంచు ఎత్తి పట్టుకుంటారు. మొత్తం శ్రమలో చేప తప్పించుకునేది ఎక్కువగా ఈ చివరి నిమిషాల్లోనే. ఒడ్డుకు పడ్డ సంచి విప్పితే ముందు తళుక్కుమనేది సావడి. దాని కింద కారలు, నెత్తళ్ళు కలగలిసి ఉంటాయి. ఆడవాళ్ళు గంపలతో చుట్టూ కూర్చుని రకాలు వేరుచేస్తారు.

వాటాల లెక్క పల్లె పల్లెకూ మారినా సూత్రం ఒకటే. వలకూ పడవకూ వాటా పోను మిగిలింది లాగినవాళ్ళది. చూపు చూసినవాడికి, తండేలుకు కొంచెం ఎక్కువ. ముసలివాళ్ళు, పిల్లలు తాడు ముట్టుకుంటే చాలు, కూరకని గుప్పెడు చేపలు వాళ్ళకు దక్కేవి. ఊళ్ళో రెండు మూడు వలలుంటే ఒకే రేవులో వంతు ప్రకారం వేయాలి. వంతు తప్పితే కులపెద్దల దగ్గర పంచాయతీ. వరసగా వేట పడకపోతే సముద్రాన్ని తప్పుపట్టేవారు కాదు. జాలారిపేటలో చాలాకాలం గడిపిన అమెరికా మానవ శాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ ఈ సంగతిని లోతుగా గమనించాడు. ఇంటి అమ్మవారికి మొక్కు మరిచారా, అన్నదమ్ముల మధ్య తగవు ఉందా అని వెతికి, దాన్ని సరిచేయడం వేటకు సంబంధించిన పనే అనుకునేవారు. ముప్పై చేతులు ఒక్కటిగా లాగాల్సిన వృత్తిలో తగవు నిజంగానే నష్టం. ఆ నమ్మకం వెనక అంతటి లోకజ్ఞానం ఉంది.

చేప పట్టేది మగవాళ్ళు, డబ్బుగా మార్చేది ఆడవాళ్ళు. ఒడ్డున వేలం పాట ముగియగానే గంప నెత్తిన పెట్టుకొని పూర్ణా మార్కెట్‌కూ వీధులకూ బయల్దేరేవారు. మంచు లేని రోజుల్లో పెద్దవలలో ఒక్కసారే పడిన చిన్నచేపను పొద్దెక్కకముందే అమ్మలేకపోతే ఇక ఎండబెట్టడమే దారి. దీనికి తోడు శరత్తులో మరో చిక్కు. చేప విరివిగా పడే కార్తికంలోనే చాలా ఇళ్ళలో నీచు మానేస్తారు, ధర పడిపోతుంది. అందుకే కార్తికపు వేట చాలావరకు ఇసుక మీద ఎండుచేపగా మారి, కొండ దిగువ సంతల మీదుగా ఏజెన్సీ గూడేలకు చేరేది.

ఎండబెట్టడంలోనూ ఒక రాజకీయం ఉండేది. ఉప్పు మీద సర్కారు పన్ను బరువు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రభుత్వం తీరం వెంట చేపలు ఉప్పువేసే యార్డులు తెరిచింది. ఆ కంచె లోపలే ఉప్పువేస్తే చవకగా ఉప్పు దొరుకుతుంది, బయట వేసుకుంటే పన్ను కట్టిన ఉప్పు కొనాలి. చవక ఉప్పు కోసం జాలారి కుటుంబాలు సర్కారు కంచెలోకి వెళ్ళాల్సి వచ్చేది. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మొదలైన మద్రాసు మత్స్యశాఖకు ఈ ఉప్పు యార్డులు ముఖ్యమైన పని అయ్యాయి.

విశాఖ రేవు ఆ రోజుల్లో రేవు అనదగింది కాదు. ఇంగ్లీషు కంపెనీ 1680లలోనే ఇక్కడ కోఠీ పెట్టినా, ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకూ మనుషులూ కెరటం దాటి ఒడ్డుకు రావాలంటే పడవ కుట్టే పల్లెల వాళ్ళే దిక్కు. డచ్చివారు కోట కట్టుకున్న భీమునిపట్నంలోనూ ఇదే సంగతి. అంటే ఒకే పడవ, ఒకే జట్టు, ఓడ వచ్చినప్పుడు బస్తాలు మోసి, గుంపు వచ్చినప్పుడు వల వేసింది. 1893 నాటికి రైలు వాల్తేరు చేరింది, తీరపు ఓడల వ్యాపారం తగ్గింది, పడవ కూలి సన్నగిల్లింది. దాని మీద తుది దెబ్బ 1933 అక్టోబరు 7న పడింది. ఆ రోజు జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి నేరుగా వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఇక కెరటం దాటించే పడవలతో ఓడలకు పనిలేకపోయింది.

పల్లెలకు కొత్త రేవు తెచ్చిన అసలు మార్పు దాని పక్కనున్న ఇసుకలో కనిపించింది. ఈ తీరంలో కెరటాలు ఇసుకను ఏటా ఎక్కువగా ఉత్తరానికే నెడతాయి. పాత ఓడలు రెండింటిని ముంచి, రాళ్ళు పోసి కట్టిన అడ్డుకట్ట ఆ ఇసుకను దక్షిణాన ఆపింది. కాలువ పూడిపోకుండా తవ్వి తీసిన ఇసుకను ఉత్తరపు ఒడ్డుకు తిరిగి పోయడం మొదటి నుంచీ రేవు నిర్వహణలో భాగమే. 1976లో ఔటర్ హార్బర్ రావడంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. పోసిన ఇసుక చాలని ఏళ్ళలో రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. నగరం దాన్ని రోడ్డుకు ముప్పుగా చూస్తుంది. పెద్దవల కోణం నుంచి చూస్తే అక్కడ పోయేది పని స్థలం. నలభై మంది వెనక్కి నడవడానికి వెడల్పు లేని ఇసుక మీద ఈ వల లాగలేరు, ఎండుచేప పరచలేరు, పడవ నిలపలేరు.

రేవు చుట్టూ ఊరు పెరిగింది. 1941లో పునాదిరాయి పడిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం తరవాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1968లో తూర్పు నావికాదళం ఇక్కడ స్థిరపడింది. ఈ రెంటిలోనూ, రేవులోనూ నెల జీతం దొరికింది. వల లాగే చేతులు తగ్గడానికి చేప తగ్గడం కంటే ముందు ఈ జీతమే కారణం. అన్నదమ్ముల్లో ఒకరికి రేవులో ఉద్యోగం వస్తే ఇల్లు గడుస్తుంది, వేట మాత్రం ఆ చేయి లేని లోటుతో సాగాలి.

1950ల చివరి నుంచి నైలాను వచ్చింది. కషాయపు బాన పక్కకు పోయింది, వల తేలికై ఏళ్ళు మన్నింది. కొనాలంటే అప్పు చేయాలి, అల్లేవారికి పని పోయింది. తరవాత యాంత్రిక పడవలు. 1970లలో ఫిషింగ్ హార్బర్ ఏర్పడింది. రొయ్యకు విదేశాల్లో ధర పలకడంతో ట్రాలర్లు, తరవాత సోనా అనే పెద్ద రకం బోట్లు వరసకట్టాయి. విశాఖ నుంచి ట్రాలర్లు ఉత్తరాన బెంగాల్ తీరం ముందున్న సాండ్‌హెడ్స్ దాకా వెళ్ళేవి. అక్కడ రొయ్య తప్ప మిగతా చిన్నచేపకు ఎన్నో ఏళ్ళు విలువే లేదు, తిరిగి నీటిలో పారబోసేవారు. ఒడ్డున అదే చిన్నచేప మీద బతికే పల్లెకు ఇంతకంటే మింగుడుపడని దృశ్యం ఉండదు.

తెప్పలూ మారాయి. 1979లో మద్రాసు కేంద్రంగా పని మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం (బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్) కెరటం దాటే కొత్త పడవలను ఆంధ్ర తీరంలో ప్రయోగించింది. 1990ల తరవాత మొద్దు తెప్ప స్థానంలో ఫైబర్ తెప్ప, దానికి మోటారు. చేప ఒడ్డుకు రావాలని ఆగాల్సిన అవసరం పోయింది. ముగ్గురు నలుగురు చాలు, వాటా ఎక్కువ. నలభై మందితో పంచుకునే వేట కంటే ఇదే లాభం అనుకున్న యువకుడిని తప్పుపట్టలేం. చాలామంది ఇంకా దూరం వెళ్ళారు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద కలాసీలుగా చేరడం మామూలైంది. వారిలో కొందరు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి జైలుపాలైన ఉదంతమే 2025 నాటి తండేల్ సినిమాకు ఆధారం.

దక్షిణాన ఉక్కు కర్మాగారం వచ్చింది. 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టులో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. కర్మాగారానికి పోయినవి ముఖ్యంగా పొలాలు. ఒడ్డు వేటకు నేరుగా తగిలింది దాని పక్కనే, 2009లో ప్రారంభమైన గంగవరం పోర్టు. గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ తీరాన్ని వదులుకోవలసి వచ్చింది, ఏళ్ళ తరబడి ఆందోళనలు నడిచాయి. పల్లెకు ఇల్లు వేరేచోట కట్టివ్వవచ్చు. వల దిగే ఇసుక అడుగు, రాయి లేని మేర, కొండ గుర్తులు కొత్త చోట దొరకవు. పునరావాస లెక్కల్లో ఈ నష్టానికి గడి లేదు.

ఉత్తరాన ఒడ్డును తీసుకున్నది పర్యాటకం. 2002లో కురుసుర జలాంతర్గామి బీచ్ ఇసుక మీద ప్రదర్శనశాల అయింది. భీమిలి దాకా రోడ్డు వెడల్పైంది. 2020లో రుషికొండకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. శుభ్రమైన బీచ్ అంటే ఎండుచేప వాసన లేని బీచ్ అన్న భావన కూడా దాంతోపాటే వచ్చింది.

చట్టం తీరానికి ఒక గీత గీసింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటకే వదలాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఇవి పెద్దవలను కాపాడాలి. రాత్రివేళ సముద్రంలో 8 కిలోమీటర్ల గీతను కొలిచేవాడు లేడు. ఈ లోగా రింగు వల వచ్చింది. గుంపును చుట్టుముట్టి పట్టే సూత్రం పెద్దవలదే, కాకపోతే ఒడ్డు బదులు నడి నీటిలో, మోటారు బలంతో. ఒడ్డుకు రావాల్సిన గుంపు దారిలోనే చుట్టుకుపోతుందని సంప్రదాయ వలలవాళ్ళు, నిబంధనల ప్రకారమే వేస్తున్నామని రింగు వలలవాళ్ళు వాదించారు. 2022 జనవరిలో విశాఖ పల్లెల మధ్య ఈ తగవు పడవలు తగలబెట్టుకునే దాకా వెళ్ళింది. రెండు పక్షాలూ ఒకే కులాల వాళ్ళు, చాలాచోట్ల బంధువులు.

పెద్దవల మీద కూడా నింద లేకపోలేదు. సంచిలో కన్ను మరీ సన్నం, పిల్ల చేప కూడా పడుతుంది. మత్స్య శాస్త్రవేత్తలు ఈ అభ్యంతరం చాలాకాలంగా చెబుతున్నారు, అందులో నిజం ఉంది. అయితే ఈ వల ఒక రోజులో ఒకటి రెండు సార్లకు మించి పడదు, ఒడ్డు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి వెళ్ళదు, కెరటం పెద్దదైతే అసలు దిగదు. పిల్ల చేపకు దీనివల్ల జరిగే నష్టానికి ఆ మేరకు హద్దు ఉంది.

ఇప్పుడు జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట వైపు, దక్షిణాన పూడిమడక చుట్టుపక్కల ఒడ్డు వల ఇంకా పడుతుంది. కుట్టు పడవ స్థానంలో ఫైబర్ పడవ, జనపనార స్థానంలో నైలాను. తాళ్ళు లాగేవారిలో యాభై దాటినవాళ్ళు ఎక్కువ. చేతులు చాలని రోజున దారిన పోయే పర్యాటకులు సరదాకు తాడు పట్టుకోవడం, వాళ్ళకూ కూరకని నాలుగు చేపలు దక్కడం బీచ్ రోడ్డు పొడవునా మామూలే. 1980ల నుంచి ఈ తీరంలో విరివిగా పడుతున్న నూనె కవళ్ళు కొన్ని శరత్తుల్లో వలను నింపుతాయి, కొన్నిసార్లు జాడే ఉండదు. పడిన రోజున పాట ఒడ్డునే జరుగుతుంది. మిగిలిన చేప ఐసు పెట్టెల్లో ఆటోలెక్కి పూర్ణా మార్కెట్‌కు పోతుంది. ఎండబెట్టేది బాగా తగ్గింది.